లెక్కకు రాని 75 సెంట్లు

ప్లాటినం జూబిలీ ఉత్సవాలలో భాగంగా కంప్యూటరు నిర్వాహకులకు, ఉపాధ్యాయులకు ఏర్పాటైన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం



జూబిలీ వేడుకలలో భాషను గురించి, బడి చరిత్రను గురించి ప్రసంగాలుండటం ఆనవాయితీ. కంప్యూటరు భద్రతకు ఇక్కడ చోటేమిటని ఎవరికైనా అనిపిస్తే అందులో తప్పు లేదు. అయితే ఉత్సవ సంఘం ముందు ప్రస్తుతం ఒక ప్రతిపాదన ఉన్నది. పాఠశాల ఇనుప బీరువాలో ఉన్న డెబ్బై అయిదు సంవత్సరాల ప్రవేశ రిజిస్టర్లను స్కాన్ చేయించి, పూర్వ విద్యార్థులు ఎక్కడినుండైనా చూసుకొనే వీలుగా ఇంటర్నెట్టులో ఉంచాలన్నది ఆ ప్రతిపాదన. అది ప్రేమతో చేసినదే. తాతగారు బడిలో చేరిననాటి పుటను మనవరాలు విదేశంలో కూర్చుని చూడగలగడం ఎవరికి ఇష్టం కాదు? కాని ఆ పుటలో ఉన్నది పేరు ఒక్కటే కాదు. తండ్రి వృత్తి, కులం, మాతృభాష, పుట్టిన తేదీ, పుట్టుమచ్చలు, ఫీజు రాయితీ ఎందుకిచ్చారన్న వివరం, మధ్యలో బడి మానివేస్తే అందుకు కారణం, ఇవన్నీ ఉన్నాయి. ఇన్నాళ్లూ వాటిని కాపాడినది ఒక తాళంచెవి. ఇకమీదట కాపాడవలసినవాడు సిస్టమ్ అడ్మినిస్ట్రేటరు అని పిలిచే కంప్యూటరు నిర్వాహకుడు. ఆ ఉద్యోగంలో ఉన్న పూర్వ విద్యార్థులు ఈ సభలో పలువురున్నారు. ఏ శిక్షణా లేకుండానే ఆ బాధ్యత నెత్తిన పడిన ఉపాధ్యాయులు అంతకన్న ఎక్కువమంది ఉన్నారు.

ఈ విషయంలో సూత్రాలు వల్లె వేయడంకన్న జరిగిన కథ నొకదానిని తీరికగా చెప్పుకోవడం మేలు. అది పాత కథ. ఇంటర్నెట్టు ఇంకా సామాన్యుల ఇండ్లలోకి రాని కాలంనాటిది. అయినా కంప్యూటరు కాపలాదారు తెలుసుకోవలసిన విషయాలు దాదాపు అన్నీ అందులోనే ఉన్నాయి.

1986 ఆగస్టు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల. క్లిఫర్డ్ స్టోల్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు అక్కడ దూరదర్శిని రూపకల్పనలో పనిచేస్తూ ఉండగా ఆ పనికి కేటాయించిన నిధులు అయిపోయాయి. ఉద్యోగం తీసివేయకుండా ఆయనను అదే ప్రయోగశాలలోని కంప్యూటరు విభాగానికి పంపించారు. నక్షత్రాలు చూసే మనిషి ఒక్కసారిగా కంప్యూటరు నిర్వాహకుడయ్యాడు. చేరిన రెండవ రోజుననే పైఅధికారి ఒక చిన్న చిక్కుముడి చేతికిచ్చాడు. ఆ రోజులలో కంప్యూటరును వాడుకొన్న సమయానికి ఆయా విభాగాలనుండి రుసుము వసూలు చేసేవారు. లెక్కలు కట్టే ప్రోగ్రాములు రెండు ఉండేవి. ఒకటి యంత్రంతో వచ్చినది, రెండవది ప్రయోగశాలవారు సొంతంగా తయారుచేసుకొన్నది. ఆ నెల రెండు లెక్కలకూ తేడా వచ్చింది. ఎంత? 75 సెంట్లు. డాలరులో ముప్పాతిక.

ఆ మొత్తాన్ని జేబులోనుండి తీసి కట్టి ఫైలు మూసివేయవచ్చును. చాలామంది ఆ పనే చేస్తారు. కాని బ్యాంకులలో చేతిపద్దుల కాలాన్ని ఎరిగినవారు ఈ సభలో ఉన్నారు. సాయంత్రం పద్దు సరిపోయేదాకా గుమాస్తాలు ఇంటికి పోయేవారు కారు. వంద రూపాయల తేడా అయితే పొరపాటు ఎక్కడుందో తొందరగా దొరుకుతుంది, పది పైసల తేడాయే రాత్రంతా కూర్చోబెడుతుంది. పెద్ద తప్పులు తమంతట తామే కనబడతాయి. చిన్నవాటిని వెతకాలి. స్టోల్ వెతికాడు. భిన్నాలను సవరించడంలో వచ్చిన తేడా కావచ్చునని మొదట అనుకొని, ఆ లెక్కంతా తిరిగి వేసి, కాదని తేల్చుకొన్నాడు. చివరికి హంటర్ అనే పేరుతో ఒక ఖాతా కనబడింది. దానిని ఎవరు తెరిచారో ఎవరికీ తెలియదు. దానికి రుసుము కట్టవలసిన చిరునామా లేదు. 75 సెంట్లు అక్కడివే.

ఆ ఖాతాను తొలగించారు. అంతటితో ముగిసేదే. కొద్ది రోజులకు మరొక సంస్థనుండి కబురు వచ్చింది. బర్క్‌లీ కంప్యూటరునుండి ఎవరో తమ యంత్రంలోకి చొరబడటానికి ప్రయత్నించారని దాని సారాంశం. ఆ సమయానికి వాడుకలో ఉన్న ఖాతా ఎవరిదని చూస్తే, ఆ మనిషి అప్పటికే ఇంగ్లండులో ఉన్నాడు. ఊరిలో లేని మనిషి పేరుమీద ఇంట్లో దీపం వెలుగుతున్నదన్నమాట.

ఇక్కడ స్టోల్ చేసిన పనిలో గమనింపదగిన విశేషం ఒకటున్నది. చొరబాటుదారుని కనిపెట్టడానికి ఆయన ఆ కంప్యూటరులోనే ఒక గూఢచారి ప్రోగ్రామును పెట్టలేదు. ఒక వారాంతంలో ఎవరూ లేనప్పుడు వివిధ గదులలోని ప్రింటర్లను, టెర్మినళ్లను, సుమారు యాభైని, యజమానులను అడగకుండానే మోసుకొనివచ్చి, బయటినుండి కంప్యూటరులోకి వచ్చే ఒక్కొక్క తీగకూ ఒక్కొక్కటి తగిలించి, వాటి మధ్య నేలమీదనే పడుకొన్నాడు. ఆదివారంనాటికి ఒక ప్రింటరు ముందు ఎనభై అడుగుల పొడవు కాగితం పడివున్నది. దొంగ కొట్టిన ప్రతి అక్షరమూ అందులో ఉన్నది.

ప్రింటర్లే ఎందుకు? ఆ చొరబాటుదారు లోపలికి రాగానే మొట్టమొదట ఇంకా ఎవరెవరు పనిచేస్తున్నారో చూసుకొనేవాడు. నిర్వాహకుని పేరు కనబడితే వెంటనే జారుకొనేవాడు. యంత్రంలో సర్వాధికారాలు సంపాదించినవాడు యంత్రంలో ఉన్న దేనినైనా చూడగలడు, దేనినైనా చెరిపివేయగలడు. కాగితంమీద పడ్డ అక్షరాన్ని మాత్రం చెరపలేడు. రాకపోకల చిట్టాను, అంటే లాగును, ఆ యంత్రంలోనే దాచుకొనే నిర్వాహకులు ఈ ముక్కను ఆలోచించాలి. దొంగతనం జరిగిన ఇంట్లోనే దొంగ చేతికందే చోట సాక్ష్యం పెట్టడం ఎలాంటిదో అదీ అలాంటిదే. చిట్టాను వెంటవెంటనే వేరొక యంత్రానికి పంపించే ఏర్పాటు ఇప్పుడు ప్రతి సర్వరులోను ఉన్నది. దానికి ఖర్చు లేదు, కావలసినది ఒక పూట ఓపిక. భారత ప్రభుత్వపు కంప్యూటరు అత్యవసర స్పందన బృందం, సెర్ట్-ఇన్, 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాలలో చిట్టాలను 180 రోజులు భద్రపరచాలని, చొరబాటు వంటి ఘటన తెలిసిన ఆరు గంటలలో తమకు తెలియజేయాలని, యంత్రాల గడియారాలన్నిటినీ ప్రామాణిక కాలంతో సరిచూసుకోవాలని కోరింది. గడియారాల మాట చాలామంది చదివి వదలివేస్తారు. రెండు యంత్రాల గడియారాలకు పది నిమిషాల తేడా ఉంటే, ఏది ముందు జరిగిందో, ఏది తరువాత జరిగిందో చెప్పడానికి రెండు చిట్టాలూ కలిసి కూడా పనికిరావు.

స్టోల్‌కు ఖగోళ శాస్త్రం నేర్పిన అలవాటు మరొకటున్నది. పరిశీలించిన ప్రతిదానినీ తేదీతో, సమయంతో నోటు పుస్తకంలో చేతితో రాసుకొనేవాడు. ఎవరికి ఫోను చేశాడో, వారేమన్నారో, అన్నీ. తరువాత అధికారుల ముందు నిలబెట్టింది ఆ పుస్తకమే. ఈ వ్యవహారం గురించిన సంగతులను కంప్యూటరు ఉత్తరాలలో రాసుకోవడం కూడ మానివేశారు, ఎందుకంటే చొరబాటుదారు ఆ ఉత్తరాలు చదువుతున్నాడు.

అసలు అతడు సర్వాధికారాలు ఎలా సంపాదించాడు? తెలుగువారికి ఇది చెప్పడం సులభం. కోకిలకు పరభృతమని ఒక పేరు ఉన్నది, పరులచేత పెంచబడినదని అర్థం. అది తన గుడ్డును కాకి గూటిలో పెడుతుంది. తన గుడ్డో కాదో తెలియక కాకి దానిని పొదుగుతుంది. బర్క్‌లీ యంత్రంలో ఈమాక్స్ అనే రచనా సాధనం ఉండేది. దానితోపాటు వచ్చిన ఒక చిన్న ప్రోగ్రాము ఉత్తరాలను ఒకచోటినుండి మరొకచోటికి జరుపుతుంది. దానిని అక్కడ సర్వాధికారాలతో స్థాపించారు. అందువల్ల అది ఏ ఫైలునైనా, వెళ్లకూడని చోటికి సైతం తీసుకుపోయి పెట్టగలిగేది. ఆ యంత్రం అయిదు నిమిషాలకొకసారి తనంతట తాను నడిపించే ఒక ప్రోగ్రాము ఉన్నది. చొరబాటుదారు దాని స్థానంలో తన నకిలీని పెట్టాడు. అయిదు నిమిషాలు ఆగాడు. యంత్రం నమ్మకంగా ఆ గుడ్డును పొదిగింది. అది అతనికి సర్వాధికారాలు ఇచ్చింది. తరువాత అసలు ప్రోగ్రామును తిరిగి తన చోట పెట్టి, ఆనవాలు చెరిపివేశాడు. స్టోల్ 1989లో ప్రచురించిన పుస్తకానికి కోకిల గుడ్డు అన్న అర్థం వచ్చే పేరు పెట్టడానికి కారణం ఇదే.

ఉత్తరాలు మోసే ప్రోగ్రాముకు సర్వాధికారం ఎందుకు? ఎవరూ అడగలేదు. పాఠశాలల ఆఫీసులలో ఈ ప్రశ్న ఇంకా ఎవరూ అడగడం లేదు. కంప్యూటరు అమ్మినవారు వచ్చి ఒకే ఒక ఖాతా తెరిచి వెళతారు, అది సర్వాధికారాలున్న ఖాతా. ఫీజు రసీదు కొట్టే గుమాస్తా, మార్కులు ఎక్కించే ఉపాధ్యాయిని, బడి అయిపోయాక ఆటలాడుకొనే అటెండరు గారి అబ్బాయి, అందరూ దానితోనే లోపలికి వెళతారు. అటెండరుకు బడి గంట చాలు, బీరువా తాళంచెవి అక్కరలేదు. ఎవరి పనికి ఎంత కావాలో అంతే ఇవ్వడం అవమానం కాదని సిబ్బందికి ముందుగా నచ్చజెప్పవలసి ఉంటుంది. ఆ నచ్చజెప్పడమే కష్టం, యంత్రంలో మార్చడం క్షణం పని.

బర్క్‌లీ గూటిని ఆధారం చేసుకొని ఆ మనిషి అమెరికా సైనిక, పరిశోధన కేంద్రాల కంప్యూటర్లవైపు బయలుదేరాడు. అణు, క్షిపణి వంటి మాటలతో ఫైళ్లు వెతికేవాడు. స్టోల్ లెక్క ప్రకారం సుమారు 450 కంప్యూటర్లను తట్టి చూశాడు, ముప్పైకి పైగా తెరుచుకొన్నాయి. అతడేమీ మహా మేధావి కాడు. వీధిలో ప్రతి ఇంటి గడియనూ తోసి చూసుకొంటూ పోయే మనిషి వంటివాడు. తెరుచుకొన్నవాటిలో కొన్నింటికి యంత్రం తయారుచేసిన కంపెనీ పెట్టి పంపిన పాస్‌వర్డులే అలాగే ఉన్నాయి. సిస్టమ్ అన్న ఖాతాకు మేనేజర్, ఫీల్డ్ అన్న ఖాతాకు సర్వీస్, యూజర్ అన్న ఖాతాకు యూజర్. కొన్నచోట యంత్రాన్ని బిగించి, దీపం వెలిగించి, ప్రారంభోత్సవం చేసి, తాళం మార్చడం మాత్రం మరిచిపోయారు.

ఇది ఆనాటి అమాయకత్వమని అనుకోవడానికి వీలులేదు. ముప్పై ఏండ్ల తరువాత, 2016లో, మిరాయ్ అనే దుష్ట ప్రోగ్రాము ప్రపంచమంతటా నిఘా కెమెరాలను, ఇంటి రౌటర్లను లక్షల సంఖ్యలో వశపరచుకొన్నది. దాని ఆయుధమల్లా కంపెనీలు పెట్టి పంపిన అరవై చిల్లర పేరు–పాస్‌వర్డు జతల పట్టిక మాత్రమే. ఆ ఏడు అక్టోబరు 21న అది చేసిన దాడికి అమెరికాలో అనేక ప్రసిద్ధ సైట్లు గంటలతరబడి అందకుండా పోయాయి. పిల్లల భద్రతకని వరండాలో కెమెరాలు బిగించిన పాఠశాలలు వాటి పాస్‌వర్డును మార్చారో లేదో ఇంటికి వెళ్లేలోపల చూసుకోవడం మంచిది. మార్చనట్లయితే ఆ కెమెరా ఎవరి కోసం చూస్తున్నదో చెప్పలేము.

పాస్‌వర్డుల మాట వచ్చింది గనుక ఇంకొక్క సంగతి. బర్క్‌లీ చొరబాటుదారు గుప్తలిపిలో ఉన్న పాస్‌వర్డుల ఫైలును కాపీ చేసుకొని పట్టుకుపోయేవాడు. గుప్తలిపిని వెనక్కు తిప్పడం సాధ్యం కాదు గదా అని స్టోల్ మొదట ఆశ్చర్యపడ్డాడు. అతడు వెనక్కు తిప్పలేదు. నిఘంటువులోని మాటలను ఒక్కొక్కటిగా అదే గుప్తలిపిలోకి మార్చి, ఫైలులో ఉన్నదానితో పోల్చి చూశాడు. పాస్‌వర్డుగా పెట్టుకొన్నది నిఘంటువులోని మాట అయితే ఎప్పుడో ఒకప్పుడు దొరికి తీరుతుంది. తెలుగు మాటను ఇంగ్లీషు లిపిలో రాస్తే ఎవరికీ అందదని కొందరి నమ్మకం. కులదైవం పేరు, కొడుకు పేరు, దాని పక్కన పుట్టిన సంవత్సరం, ఇవి ఊహించడానికి నిఘంటువు కూడ అక్కరలేదు, ఇంటి ముందరి పేరు పలక చాలు. ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగైదు మాటలను కలిపిన పొడవైన పదబంధం మేలు. తొంభై రోజులకొకసారి తప్పక మార్చాలన్న పాత నియమాన్ని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే వదలుకొన్నది. బలవంతంగా మార్పిస్తే మనుషులు చివర ఒక అంకె పెంచి ఊరుకుంటారు. ఎవరికైనా తెలిసిపోయిందన్న ఆధారం ఉన్నప్పుడు మాత్రం ఆ క్షణమే మార్చాలి. ముఖ్యమైన ఖాతాలకు పాస్‌వర్డుతోపాటు రెండవ పరీక్ష కూడ ఉండాలి.

స్టోల్ కథలో మిగిలిన భాగం వేట. పోలీసు వ్యవస్థ మొదట్లో పట్టించుకోలేదు. నష్టమెంతని ఎఫ్.బి.ఐ. వారు అడిగితే చెప్పడానికి 75 సెంట్లు తప్ప మరొకటి లేదు. స్టోల్ తలుపు మూయలేదు. మూస్తే అతడు ఇంకొక తలుపు వెతుక్కొంటాడు, ఎవరో ఎన్నటికీ తెలియదు. ప్రమాదకరమైన సమాచారంమీద చేయి పడుతున్నదనుకొన్నప్పుడు మాత్రం తాళంచెవుల గుత్తిని తీగ కొసలకు తాకించి, లైనులో గరగర వచ్చినట్లు భ్రమింపజేసేవాడు. అతనికి విసుగు పుట్టి పోయేవాడు. కబురు పోయి తిరిగి రావడానికి పడుతున్న ఆలస్యాన్ని కొలిచి, దొంగ వేల మైళ్ల దూరంలో ఉన్నాడని లెక్కకట్టాడు. నక్షత్రాల దూరాలు కట్టిన చేతికి ఇది తెలిసిన విద్యే.

జాడ తీగవెంట జర్మనీలోని హానోవర్ నగరానికి చేరింది. అక్కడి టెలిఫోను కేంద్రంలోని పాత యాంత్రిక మీటలను మనుషులు వెళ్లి ఒక్కొక్కటిగా చూడవలసి ఉండటంవల్ల, దొంగ గంటకు పైగా లైనులో నిలబడితే తప్ప చిరునామా దొరకదు. నిలబెట్టడమెలా? స్టోల్ సహచరి మార్తా ఒక ఉపాయం చెప్పింది. అమెరికా క్షిపణి రక్షణ పథకానికి సంబంధించినవన్నట్లుగా పుట్టెడు బూటకపు ఫైళ్లు తయారుచేసి అతనికి కనబడేచోట పెట్టారు. 1987 జనవరిలో అతడు వాటిని ఆత్రంగా చదువుతూ కూర్చున్నాడు, చిరునామా దొరికింది. కొన్ని నెలలకు ఇంకొక వింత జరిగింది. ఆ బూటకపు ఫైళ్లలో చెప్పిన పత్రాలు పంపమని కోరుతూ అమెరికాలోని పిట్స్‌బర్గ్‌నుండి తపాలాలో ఒక ఉత్తరం వచ్చింది. ఆ ఫైళ్లు చదివినవాడు ఆ చొరబాటుదారు ఒక్కడే. మార్కుస్ హెస్ అనే ఆ యువకుడు, అతని సహచరులు దొరికిన సమాచారాన్ని సోవియట్ గూఢచారి సంస్థ కె.జి.బి.కి అమ్ముతున్నారని తేలింది. 1990లో జర్మనీ న్యాయస్థానం శిక్షలు విధించింది. జైలుకు పంపకుండా ప్రొబేషన్‌మీద వదలివేసింది.

గూఢచారులకన్న ఆలోచింపజేసే విషయం ఈ కథలో ఒకటున్నది. తీగలకు ప్రింటర్లు తగిలించిన ఆ వారాంతంలో కాగితంమీద పడినవి దొంగ అక్షరాలు మాత్రమే కావు. నిజాయితీగా పనిచేసుకొనే శాస్త్రజ్ఞుల ఉత్తరాలు, సొంత మాటలు కూడ ఆ తీగలవెంటనే పోతాయి. దొంగ ఏ మార్గంలో వస్తున్నాడో తెలిసిన తరువాత ఆ మార్గాన్ని మాత్రమే కనిపెట్టి ఉండటం సరిపోయింది. నిర్వాహకుని వృత్తిలోని అసలు పరీక్ష ఇదే. బయటివానినుండి కాపాడటానికి అతనికి ఇచ్చిన తాళాలతో అతడు ఎవరి ఉత్తరమైనా చదవగలడు, ఏ ఉద్యోగి జీతమైనా, ఏ విద్యార్థిని వైద్య ధ్రువపత్రమైనా చూడగలడు. చూడగలగడం వేరు, చూడవలసిన అవసరం వేరు. నిర్వాహకుడు ఎప్పుడు ఏమి తెరిచాడో కూడ చిట్టాలో నమోదు కావాలి, ఆ చిట్టాను మరొకరు చూడాలి. మంచి నిర్వాహకుడు ఇందుకు అభ్యంతరం చెప్పడు, సందేహం వచ్చిననాడు అతనిని నిరపరాధిగా నిలబెట్టేది ఆ చిట్టాయే.

గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పింది. ఆ తీర్పుకు పేరైన పిటిషనరు, కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి జస్టిస్ కె.ఎస్. పుట్టస్వామి, కోర్టుకు వెళ్లేనాటికే వృద్ధులు. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. 2025 నవంబరులో దాని నియమాలను ప్రకటించి, ప్రధాన బాధ్యతల అమలుకు పదునెనిమిది నెలల గడువిచ్చారు. ఆ చట్టం దృష్టిలో పదునెనిమిదేండ్లు నిండనివారందరూ బాలలే. వారి సమాచారాన్ని వినియోగించాలంటే తల్లిదండ్రుల సమ్మతి, సరిచూడదగిన రీతిలో, ఉండాలన్నది నియమం. విద్యాసంస్థలకు కొన్ని సడలింపులున్నాయి గాని, అవి చదువుకు, పిల్లల క్షేమానికి అవసరమైన మేరకే. సమాచారాన్ని కాపాడే ఏర్పాట్లు చేయనివారికి 250 కోట్ల రూపాయలదాకా జరిమానా ఉండవచ్చు. కాగితంమీద ఉన్న వివరాలను తరువాత కంప్యూటరులోకి ఎక్కించినా చట్టం వర్తిస్తుంది. జూబిలీ స్కానింగు ప్రతిపాదన చేసినవారు ఈ చివరి వాక్యాన్ని ప్రత్యేకంగా గమనించాలి.

బడులజోలికి ఎవరు వస్తారనే మాట తరచు వినబడుతుంది. 2024 డిసెంబరులో పవర్‌స్కూల్ అనే సంస్థనుండి అమెరికా, కెనడా పాఠశాలల విద్యార్థుల, ఉపాధ్యాయుల వివరాలు కోట్ల సంఖ్యలో దొంగిలింపబడ్డాయి. దోపిడీదారులు ఏ గోడా బద్దలు కొట్టలేదు. సహాయకేంద్రపు ద్వారానికి చెందిన ఒక దొంగిలించిన పాస్‌వర్డు వారి చేతికి వచ్చింది, రెండవ పరీక్ష అక్కడ లేదు. సంస్థ సొమ్ము చెల్లించింది. సమాచారాన్ని చెరిపివేశామని దొంగలు నమ్మబలికారు. కొన్ని నెలలకే కొన్ని పాఠశాలలకు మళ్లీ బెదిరింపులు వచ్చాయి. ఈ నేరానికి 2025లో అమెరికాలో శిక్ష పడినవాడు పందొమ్మిదేండ్ల కళాశాల విద్యార్థి. ఆ సమాచారంలో చాలాకాలం క్రితం బడి వదలిన వారి వివరాలు కూడ ఉన్నాయి. వారి వివరాలను అంతకాలం అక్కడ ఉంచవలసిన పని ఏమిటన్నది ఆ తరువాత అందరూ అడిగిన ప్రశ్న.

స్వదేశంలో మరి రెండు ఉదాహరణలు. 2017 మే నెలలో వానాక్రై అనే దుష్ట ప్రోగ్రాము ప్రపంచమంతటా యంత్రాలలోని ఫైళ్లకు తాళంవేసి సొమ్ము అడిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. అది దూరిన రంధ్రానికి అతుకును మైక్రోసాఫ్ట్ మార్చిలోనే విడుదల చేసి ఉన్నది. రెండు నెలలపాటు మందు అందుబాటులో ఉన్నా వేసుకోనివారే ఎక్కువగా జబ్బుపడ్డారు. 2022 నవంబరు 23న ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ సర్వర్లు అయిదు ఇలాంటి దాడికే గురయ్యాయి. రోజులతరబడి ఓ.పి. చీటీలు చేతితో రాశారు. నెట్‌వర్కును సరిగా విభజించకపోవడమే కారణమని ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపింది. ఓడ అడుగుభాగంలో అడ్డుగోడలు లేకపోతే ఒక చిల్లుకే ఓడంతా మునుగుతుంది. అయినా రోగుల వివరాలు దక్కాయి. దాడి అంటని ఒక నకలు సర్వరు మిగిలి ఉండటమే ఆ అదృష్టానికి కారణం.

పాఠశాలకు అడ్డుగోడ అంటే పెద్ద ఖర్చేమీ కాదు. పిల్లల కంప్యూటరు గది, అతిథుల వైఫై, ఆఫీసు యంత్రం ఒకే నెట్‌వర్కులో ఉండకుండా చూడటం. సాధారణమైన రౌటరులోనే ఆ వీలున్నది. నకలు అంటే ఒక డిస్కులోకి కాపీ చేసి దానిని అదే యంత్రానికి తగిలించి ఉంచడం కాదు, తాళంవేసే దుష్ట ప్రోగ్రాము దానికి కూడ తాళం వేస్తుంది. ఒక ప్రతి తీగనుండి ఊడదీసి వేరే గదిలో, వీలైతే వేరే భవనంలో ఉండాలి. మూడు నెలలకొకసారి ఆ నకలునుండి ఏదో ఒక తరగతి మార్కులను నిజంగా తిరిగి తెచ్చి చూడాలి. ఈ పరీక్ష చేసేవారు చాలా అరుదు. చేయని నకలు ఉన్నదో లేదో అవసరం పడిన రోజున గాని తెలియదు.

ఆంధ్రదేశానికి వెలుపల ఉన్న తెలుగు బడికి ఇంకొక భయం కూడ ఉన్నది. సమాచారం పోవడం ఒక నష్టం, మారిపోవడం వేరొక నష్టం. రిజిస్టరులో మాతృభాష అన్న గడి చిన్నదే, కాని తెలుగు విభాగం ఉండటానికి, ఉపాధ్యాయ పదవి నిలవడానికి ఆధారం ఆ గడిలోని లెక్క. తమిళనాడులో 2006 నాటి తమిళ అభ్యసన చట్టం పదవ తరగతిదాకా వచ్చినప్పుడు, భాషాల్పసంఖ్యాకుల పిల్లలు మినహాయింపులకోసం కోర్టులవరకు వెళ్లవలసివచ్చింది. అటువంటి వేళ ఆ గడిలో ఏమి రాసి ఉన్నదన్నది పిల్లల భవిష్యత్తు ప్రశ్న. కంప్యూటరులోకి ఎక్కించే మనిషి తొందరలో పట్టికలోని మొదటి భాషను నొక్కుకొంటూ పోతే దొంగ అక్కరలేకుండానే విభాగం ఖాళీ అవుతుంది. అందుచేత ఎక్కించిన లెక్కను, కాగితంమీది లెక్కను తరగతివారీగా కూడి చూడాలి. ఒక్క పేరు తేడా వచ్చినా, స్టోల్ 75 సెంట్లను వెతికినట్లు వెతకాలి. స్కానింగు అయిపోయింది గదా అని పాత రిజిస్టర్లను చెత్తకు వేయకూడదు.

ఇక ఉత్సవ సంఘం ప్రతిపాదన. స్కాన్ చేయించడం అవసరమే, కాగితం పెళుసెక్కుతున్నది. ఇంటర్నెట్టులో అందరికీ కనబడేలా ఉంచవలసినది మాత్రం పేరు, చేరిన సంవత్సరం, వదలిన సంవత్సరం, అంతవరకే, అదీ కోరుకొన్నవారివి. కులం, తండ్రి వృత్తి, రాయితీ కారణం, పుట్టుమచ్చలు, పుట్టిన తేదీ ఉన్న గళ్లు బయటి ప్రతిలో ఉండనే కూడదు. మసి పూసినట్లు పైన నల్లగీత పెడితే చాలదు, కింద ఉన్న అక్షరాలను తిరిగి తీయవచ్చు, ఆ గళ్లను కత్తిరించిన వేరే ప్రతినే తయారుచేయాలి. పూర్తి పుట కావలసిన పూర్వ విద్యార్థి తన గుర్తింపు చూపి ఆఫీసులో తన పుట తాను తీసుకోవచ్చు. స్కానింగు పని తీసుకొనే వ్యాపారితో, పని ముగిశాక తన యంత్రాలలో ఒక్క ప్రతి కూడ ఉంచుకోనని రాతపూర్వకంగా ఒప్పించుకోవాలి. రిజిస్టర్లు భవనం దాటి పోకూడదు, యంత్రమే ఇక్కడికి రావాలి. ప్రతి సాయంత్రం ఎన్ని పుటలు స్కాన్ అయ్యాయో, ఎన్ని ఫైళ్లు తయారయ్యాయో ఇద్దరు సంతకం చేసిన పుస్తకంలో రాయాలి. ఆ రెండు అంకెలూ సరిపోయిన తరువాతనే బీరువాకు తాళం వేయాలి.